వేలంలో ధర పలికించేది రెండో మనిషి

1995 సెప్టెంబరులో పియర్ ఒమిడ్యార్ అనే ప్రోగ్రామర్ తన సొంత వెబ్‌సైటులో ఒక మూలన వేలం పేజీ తెరిచి, దానికి ఆక్షన్‌వెబ్ అని పేరు పెట్టాడు. తర్వాతి కాలంలో ఈబేగా మారింది అదే. అక్కడ అమ్ముడైన తొలి వస్తువుగా ఆ కంపెనీ చెప్పుకునేది ఒక చెడిపోయిన లేజర్ పాయింటర్. అది 14.83 డాలర్లు పలికింది. పనిచేయదని తెలిసే కొంటున్నారా అని ఒమిడ్యార్ అడిగితే, చెడిపోయిన లేజర్ పాయింటర్లు సేకరించడం తన సరదా అని కొన్నాయన జవాబిచ్చాడట.

ఈ కథ చెప్పేవాళ్లంతా ఏ వస్తువుకైనా ఎక్కడో ఒక చోట కొనేవాడు ఉంటాడంటూ ముగిస్తారు. నాకు మాత్రం ఇంకో సందేహం వస్తుంది. చెడిపోయిన పాయింటర్లు పోగుచేసే మనిషి ఒక్కడే అయితే ధర పద్నాలుగు డాలర్ల దాకా ఎందుకు పోతుంది? తనతో తానే పోటీపడి ఎవరూ పాట పెంచుకోరు కదా. పెరిగిందంటే అవతల ఇంకొకరు ఉండే ఉండాలి. ఆ రెండో మనిషి పేరు ఏ కథలోనూ రాదు. కానీ ఆ ధర అతని చలవే.

ఆన్‌లైన్ వేలంలో చవకగా కొనడం గురించి దొరికే సలహాలు చాలావరకు పాట ఎలా పాడాలన్న దాని చుట్టూ తిరుగుతాయి. ఏ క్షణంలో పాడాలి, ఎంతెంత పెంచాలి, ఎదుటివాడిని ఎలా బెదరగొట్టాలి. ఇవన్నీ తర్వాతి సంగతులు. మనం కట్టే ధరను నిర్ణయించేది మన వెనకే ఆగిపోయినవాడు. అతను లేని వేలమే చవక బేరం. అతను ఎక్కడ ఉండడో, ఎందుకు ఉండడో, కొన్నిసార్లు లేకున్నా ఉన్నట్టు ఎలా కనిపిస్తాడో తెలిస్తే మిగతాదంతా తేలిక.

యంత్రం మన తరఫున పాడుతుంది

జనం మధ్య జరిగే వేలంపాటలో ఒకటోసారి, రెండోసారి అనేలోపు గొంతెత్తాలి. ఆన్‌లైన్‌లో ఆ పని యంత్రానిది. చాలా సైట్లలో మనం చెప్పవలసింది మన గరిష్ఠ ధర ఒక్కటే. సైటు దాన్ని గుప్తంగా ఉంచుకుని, ఎదుటివాళ్లను దాటడానికి ఎంత కావాలో అంతవరకే మన తరఫున పాట పెంచుతూ పోతుంది.

అంకెల్లో చూద్దాం. ఒక పాత కెమెరా వేలానికి వచ్చింది. ప్రారంభ ధర 50, ఒక్కో పాటకు పెంపు 5 అనుకుందాం. మీరు 300 అని రాసి పెట్టారు. పేజీలో మాత్రం 50 అనే కనిపిస్తుంది. మర్నాడు ఒకరు వచ్చి 60 అన్నారు. వెంటనే ధర 65 అయింది, ముందున్నది మీరే. వాళ్లు 80 అన్నారు, 85 అయింది. 120 అన్నారు, 125 అయింది. విసుగు పుట్టి వెళ్లిపోయారు. ఆఖరి రోజు మరొకరు వచ్చి ఒకేసారి 210 అని రాశారు. ధర 215కు చేరి అక్కడ ఆగింది. కెమెరా మీది, కట్టవలసింది 215.

ఆ 210 మనిషి ఆ రోజు జ్వరంతో పడుకుని ఉంటే ఆ కెమెరా మీకు 125కే వచ్చేది. 120 దాకా వచ్చిన మనిషి కూడా అటు తొంగిచూడకపోతే 50కే వచ్చేది. మూడు సందర్భాల్లోనూ మీరు రాసిన 300 మారలేదు. మీ తెలివితేటలూ మారలేదు.

ఈ పద్ధతి వెనక ఉన్న తర్కాన్ని 1961లో విలియం విక్రీ అనే ఆర్థికవేత్త ఒక వ్యాసంలో తేల్చి చెప్పాడు. అందరూ కవరులో తమ ధర రాసి ఇస్తారు, ఎక్కువ రాసినవాడు గెలుస్తాడు, కట్టేది మాత్రం తన తర్వాతివాడు రాసిన ధర. ఇలాంటి వేలంలో ఎవరికైనా మేలైన మార్గం తనకు ఆ వస్తువు ఎంత విలువో ఉన్నదున్నట్టు రాయడమే. తక్కువ రాస్తే, మీకు 300 విలువైనది ఎవరో 260కి తన్నుకుపోవచ్చు. ఎక్కువ రాస్తే, 340 కట్టి తల పట్టుకోవచ్చు. నిజం రాస్తే ఈ రెండు ప్రమాదాలూ ఉండవు. విక్రీకి 1996లో నోబెల్ బహుమతి ప్రకటించారు. ఆ కబురు వచ్చిన మూడు రోజులకే ఆయన మరణించాడు. సిద్ధాంతం ఆయనది గానీ ఆచారం అంతకన్నా పాతది. 19వ శతాబ్దం చివరలోనే అమెరికాలో తపాలా బిళ్లల వ్యాపారులు ఉత్తరాల మీద వచ్చిన పాటలతో ఇదే తీరు వేలాలు జరిపారు.

మన ఉదాహరణలో 60, 80, 120 అంటూ వచ్చిన మనిషిని ఇంకోసారి చూడండి. అతను ధర ముందే ఖాయం చేసుకుని రాలేదు. ఓడిపోయిన ప్రతిసారీ, ఇంకో ఇరవై పెడితే వచ్చేస్తుందేమో అనుకున్నాడు. వేలాల్లో ధరలు పెంచేది ఎక్కువగా ఇలాంటివాళ్లే. 'మీ పాటను ఎవరో దాటారు' అని ఫోనులో కబురు రాగానే వస్తువు సంగతి పక్కకు పోతుంది, గెలుపు ముందుకు వస్తుంది. ఇంటర్నెట్ పుట్టక ముందే తెలుగు భాష దీనికి పేరు పెట్టేసింది: వేలంవెర్రి.

చివరి పది సెకన్ల సంగతి

గడియారం ముగిసే ముందు ఆఖరి క్షణాల్లో పాట వేసి పోవడం పాత ఆటగాళ్ల అలవాటు. విక్రీ తర్కం ప్రకారం ఇది అర్థం లేని పని. ముందే నిజం రాసి పెట్టి నిద్రపోవచ్చు కదా? అల్విన్ రాత్, ఆక్సెల్ ఓకెన్‌ఫెల్స్ 2002లో ప్రచురించిన పరిశోధనలో ఈ చిక్కునే విప్పారు. అప్పట్లో ఈబేతో పాటు అమెజాన్ కూడా వేలాలు నడిపేది. ఈబేలో గడువు తీరితే అంతే సంగతులు. అమెజాన్‌లో చివరి పది నిమిషాల్లో ఎవరైనా పాట వేస్తే గడువు మళ్లీ సాగేది. ఫలితం చూడండి. ఈబే పురాతన వస్తువుల వేలాల్లో 59 శాతం వాటిలో చివరి పాట ఆఖరి ఐదు నిమిషాల్లో పడింది. అమెజాన్‌లో అది దాదాపు 3 శాతమే. పైగా ఈబేలో అనుభవం పెరిగేకొద్దీ జనం ఇంకా ఆలస్యంగా పాడుతున్నారు. గడువు సాగే చోట ఆ అలవాటు కనబడలేదు.

ఆలస్యంగా పాడటం వల్ల లాభం ఆ వెర్రి మనిషి విషయంలోనే. ముందే పాడితే అతనికి లేచి మళ్లీ ఆలోచించే వ్యవధి ఇచ్చినట్టు. చివరి పది సెకన్లలో పాడితే అతను తన 60 దగ్గరే నిద్రపోతూ ఉండిపోతాడు. పురాతన వస్తువుల్లో ఇంకో కారణం కూడా ఉంది. ఆ రంగం బాగా తెలిసినవాడు పాట వేశాడంటే, వస్తువు అసలుదేనన్న సంగతిని చుట్టూ ఉన్నవాళ్లకు ఉచితంగా చాటింపు వేసినట్టే. అందుకే తెలిసినవాళ్లు ఆఖరిదాకా నోరు మెదపరు.

దీని శక్తికి హద్దులున్నాయి. ఎదుటివాడు ఇదివరకే తన నిజమైన ధర రాసి పెట్టి ఉంటే మీ పాట పది సెకన్ల ముందు పడినా పది రోజుల ముందు పడినా ఒకటే. గడువు సాగే సైట్లలో, ముఖ్యంగా ఇప్పటి వేలం సంస్థల ఆన్‌లైన్ పాటల్లో, ఇది వృథా ప్రయాస. కాబట్టి ఏ సైటులోనైనా మొదట చూడవలసినది గడియారం నిబంధన. నా మటుకు నాకు ఆఖరి క్షణపు పాట వల్ల కలిగిన పెద్ద ఉపకారం వేరు. ఎదుటివాడి సంగతి అటుంచితే, మళ్లీ పెంచుకునే అవకాశం నాకూ ఉండదు.

అతను ఎక్కడ ఉండడు

ఈ విషయంలో అందరూ చెప్పుకునే కథ ఒక బీరు సీసాది. 1852లో ఆర్కిటిక్ యాత్ర కోసం ప్రత్యేకంగా కాచిన ఆల్‌సాప్ అనే కంపెనీ బీరు సీసా ఒకటి 2007లో ఈబేలో 304 డాలర్లకు అమ్ముడైంది. అమ్మినవారు ఆ పేరులో రెండు 'పీ' అక్షరాలకు బదులు ఒక్కటే రాశారు. కొన్నవారు అదే సీసాను సరైన అక్షరాలతో మళ్లీ పెడితే పాట 503,300 డాలర్ల దాకా పోయింది. అక్షరదోషాల వేట ఆ రోజు నుంచి ఒక కళగా చలామణీ అవుతోంది. ఈ కథకు రెండో సగం ఉంది, కాసేపాగి చెబుతాను.

అక్షరదోషాల కాలం చాలావరకు గడిచిపోయింది. ఇప్పటి వెతుకులాట యంత్రాలు తప్పులను వాటంతట అవే సరిదిద్దుతాయి. కానీ అవి సరిదిద్దలేనిది ఒకటుంది: అసలు రాయనే రాయని పేరు. కంపెనీ, మోడల్ ఏదీ లేకుండా 'పాత లెన్సు', 'తాతగారి పెట్టెలో సామాను' అని మాత్రమే రాసిన వస్తువును పేరుతో వెతికేవాడు ఎన్నడూ చూడడు. అది చూడాలంటే ఫొటోలు చదవడం రావాలి. కలగాపులగంగా పోసిన పనిముట్ల ఫొటో ఒకటి పెద్దది చేసి చూస్తే, మూలన సగం కనిపించే పిడి ఆకారం, దాని మీద అరిగిపోయిన ముద్రలో మిగిలిన రెండక్షరాలు తెలిసినవాడికి మొత్తం చెప్పేస్తాయి. ఇది సైటు తెలివి కాదు, వస్తువు తెలివి. ఒక్క రంగాన్ని, అదీ ఇరుకైన రంగాన్ని పట్టుకుని దాని మీద ఏళ్లు గడిపినవాడికే ఈ బేరాలు దొరుకుతాయి. నాలుగు రంగాల్లో అటూ ఇటూ తిరిగేవాడికి దొరకవు.

బరువు కూడా రెండో మనిషిని ఆపుతుంది. 'స్వయంగా వచ్చి తీసుకువెళ్లాలి' అని రాసిన బీరువాకు, లేతు మిషనుకు, పియానోకు పాటదారులు ఒక బండి తిరిగి రాగలిగేంత దూరంలో ఉన్నవాళ్లే. ప్రపంచమంతా చూస్తున్న వేలం అక్కడ ఒక పేటకు కుంచించుకుపోతుంది. బండీ, సాయం పట్టే ఇద్దరు మనుషులూ ఉన్నవాళ్లకు ఇంతకు మించిన చోటు లేదు.

మూడోది కొంచెం వింతైనది. యూరీ సిమొన్‌సోన్ మరో పరిశోధకుడితో కలిసి డీవీడీల వేలాలను పరిశీలిస్తే, కొత్తగా వచ్చేవాళ్లు ఇప్పటికే పాటలు ఎక్కువ పడిన వేలం వైపే వెళ్తున్నారని తేలింది. అదే డీవీడీ రెండు చోట్ల ఉంది. ఒకచోట చాలా తక్కువకు మొదలై పదిమంది పాడి ఒక ధరకు చేరింది. ఇంకోచోట అదే ధరకు మొదలై ఒక్క పాటా పడలేదు. వచ్చినవాళ్లు మొదటి దానిలోకే దూరుతున్నారు. పదిమంది పాడారంటే ఏదో ఉండే ఉంటుందని. నిజానికి అక్కడ ఉన్నది తక్కువ ప్రారంభ ధర మాత్రమే. కాబట్టి ప్రారంభ ధర కాస్త ఎక్కువగా ఉండి, పాటల సంఖ్య సున్నాగా ఉన్న వేలం చూస్తే మొహం తిప్పుకోకండి. గుంపు లేని చోటే మనకు కావలసిన చోటు.

వేళ గురించి కూడా ఇలాంటి తిరకాసే. అర్ధరాత్రి, తెల్లవారుజామున ముగిసే వేలాల్లో చవక అని అందరూ అంటారు. అమ్మేవాళ్లకూ ఈ మాట తెలుసు. అందుకే అందరూ తమ గడువు సాయంత్రం జనం ఎక్కువగా ఉండే వేళకు పెట్టుకుంటారు. 2010లో సిమొన్‌సోన్ ప్రచురించిన ఇంకో అధ్యయనం ప్రకారం దాంతో ఆ వేళలో కొనేవాళ్ల కంటే అమ్మేవాళ్ల రద్దీ పెరిగి, ధరలు తగ్గుతున్నాయి. సంతకు జనం ఎక్కువ వస్తారు, దుకాణాలు ఇంకా ఎక్కువ వస్తాయి. ఒకే రకం వస్తువులు పది ఉన్నప్పుడు సాయంత్రమే మేలు. ఒకే ఒక్క అరుదైన వస్తువైతే అర్ధరాత్రి మాటకు బలముంది.

ఒకే రకం వస్తువులు వరసగా వేలానికి వస్తే మొదటిదాని కోసం ఎగబడకూడదు. ఓర్లీ ఆషెన్‌ఫెల్టర్ అనే ఆర్థికవేత్త వైన్ వేలాలు గమనించి, ఒకే రకం పెట్టెలను ఒకదాని తర్వాత ఒకటి అమ్మితే వెనకటి వాటి ధర పెరగడం కంటే తగ్గడమే ఎక్కువసార్లు జరుగుతోందని 1989లో రాశాడు. దీనికి కారణాల మీద ఆర్థికవేత్తలు ఇప్పటికీ వాదించుకుంటారు. నాకు తోచేది సులువైనదే: అందరికంటే ఆత్రం ఉన్నవాడు మొదటి పెట్టెతో ఇంటికి వెళ్లిపోయి ఉంటాడు.

అతను ఎందుకు రాలేదు

ఇక్కడ ఆగి భయపడాలి. రెండో మనిషి రాకపోవడానికి అతను చూడకపోవడం ఒక కారణం. చూసి వదిలేసి ఉండటం ఇంకో కారణం. వెబ్‌పేజీలో ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి.

1971లో అట్లాంటిక్ రిచ్‌ఫీల్డ్ చమురు కంపెనీకి చెందిన ముగ్గురు ఇంజినీర్లు ఒక చేదు నిజాన్ని కాగితం మీద పెట్టారు. సముద్రంలో చమురు బావుల హక్కులు వేలంలో గెలుచుకున్న కంపెనీలకు అనుకున్న లాభాలు రావడం లేదు. లెక్కలు వేసేవాళ్లు తెలివితక్కువవాళ్లేమీ కారు. కానీ పది కంపెనీలు విడివిడిగా అంచనా వేస్తే, వాటి సగటు నిజానికి దగ్గరగా ఉన్నా, గెలిచేది మాత్రం సగటు కాదు. అందరికంటే ఎక్కువగా పొరబడినవాడే గెలుస్తాడు. దీన్ని విజేత శాపం అంటారు. చరిత్రలో దీనికి నాకు నచ్చిన ఉదాహరణ క్రీ.శ. 193 నాటిది. రోమ్‌లో చక్రవర్తి అంగరక్షక దళం తమ చక్రవర్తినే చంపి, సింహాసనాన్ని వేలానికి పెట్టింది. డిడియస్ జూలియానస్ ఒక్కో సైనికుడికి 25,000 సెస్టర్సు నాణేలు పాడి గెలిచాడు. అరవై ఆరు రోజులు ఏలాడు. తర్వాత అతన్నీ చంపేశారు.

మన స్థాయి వేలాల్లో ఈ శాపం 'పరీక్షించలేదు' అనే మాటలో దాక్కుంటుంది. ఒక పాత రేడియో కింద 'పనిచేస్తుందో లేదో తెలియదు' అని రాసి ఉందనుకోండి. దాని ప్లగ్గు పెట్టి మీట నొక్కడానికి ఒక నిమిషం పడుతుంది. పనిచేస్తే ధర రెట్టింపవుతుందని అమ్మేవాడికి తెలుసు. అయినా ఆ నిమిషం వెచ్చించలేదంటే, వెచ్చించే ఉంటాడు. నేను ఇలాంటి మాటను 'పనిచేయదు' అనే చదువుకుంటాను, ధర కూడా అలాగే కడతాను. బ్యాటరీ మార్చి చూడటానికి తీరిక లేని నిజమైన వారసులు, ఇళ్లు ఖాళీ చేయించేవాళ్లు ఉంటారు, కాదనను. వాళ్ల పేజీలో ఒకే రకం రేడియోలు నలభై ఉండవు, కుర్చీలూ గిన్నెలూ పుస్తకాలూ కలిసి ఉంటాయి.

ఫొటోలో లేనిదేమిటో చూడటం కూడా ఇలాంటిదే. ఒకసారి ఒక లెన్సును ఆరు ఫొటోల్లో చూపించారు. ముందు నుంచి, పక్క నుంచి, పెట్టెతో, మూతతో. వెలుతురుకు ఎదురుగా పట్టుకుని గాజు గుండా తీసినది మాత్రం లేదు. బూజు కనిపించేది ఆ ఫొటోలోనే. నేను అడగకుండా కొన్నాను. లోపలి గాజు మీద సాలెగూడులా అల్లుకున్న బూజు ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. అప్పటి నుంచి ఒక్క ప్రశ్న తప్పక రాసి అడుగుతాను, జవాబు సైటులోనే వచ్చేలా చూసుకుంటాను, తర్వాత తగాదా వస్తే చూపించడానికి.

ఇక నమ్మకం సంగతి. జార్జ్ అకెర్లాఫ్ అనే ఆర్థికవేత్త 1970లోనే సెకండ్ హ్యాండ్ కార్ల ఉదాహరణతో చెప్పాడు: అమ్మేవాడికి తెలిసిన లోపం కొనేవాడికి తెలియని చోట మంచి సరుకు కూడా నాసిరకం ధరకే పోతుంది. వేలం సైట్లలోని రేటింగులు ఈ రోగానికి మందుగా పుట్టినవే. ఆ మందు విలువ ఎంత? పాల్ రెస్నిక్ బృందం పాత పోస్టుకార్డులను పేరున్న ఖాతా నుంచి, కొత్త ఖాతాల నుంచి జతలుగా అమ్మించి చూస్తే, పేరున్న ఖాతాకు కొనేవాళ్లు 8.1 శాతం ఎక్కువ కట్టడానికి సిద్ధపడ్డారు. ఈ అంకెను నేను వెనక నుంచి వాడుకుంటాను. కొత్త అమ్మకందారు దగ్గర పది శాతం చవక అయితే అది అతని కొత్తదనానికి తగ్గింపు, భయపడనవసరం లేదు. సగం ధర అయితే ఆ తగ్గింపు కొత్తదనానిది కాదు.

లేని మనిషి పాడితే

ఆ బీరు సీసా రెండో సగం ఇదీ. 503,300 డాలర్ల పాట ఉత్తుత్తిది, ఎవరూ ఆ సొమ్ము కట్టలేదు. అర మిలియను డాలర్ల అక్షరదోషం కథలో నిజంగా చేతులు మారినది 304 డాలర్లే.

ఆకతాయి పాటలు ఒక రకం. అమ్మేవాడే మారు పేర్లతోనో స్నేహితుల చేతనో పాడించడం ఇంకో రకం. 2000 మేలో ఈబేలో ఒక పెద్ద నైరూప్య చిత్రం 25 సెంట్లకు మొదలై 135,805 డాలర్ల దాకా పోయింది. అమ్మినవాడు తనకు బొమ్మల గురించి ఏమీ తెలియనట్టు, పాత సామాన్ల అమ్మకంలో దొరికినట్టు రాశాడు. మూలన కనిపించీ కనిపించని సంతకం రిచర్డ్ డీబెన్‌కార్న్ అనే ప్రసిద్ధ చిత్రకారుడిదిలా ఉంది. పాడినవాళ్లంతా అమాయకుడి దగ్గర నిధి కొట్టేస్తున్నామనే అనుకున్నారు. అమ్మకందారు తన వేలంలో తానే పాడాడని తేలడంతో ఈబే ఆ అమ్మకాన్ని రద్దు చేసింది; కేసు నేరాంగీకారం దాకా వెళ్లింది. ఈ ఉదంతంలో నన్ను ఆకట్టుకునేది దొంగ పాట కాదు, ఆ అమాయకత్వ నటన. చవక బేరాల వేటగాడు వెతికేదే తెలియని అమ్మకందారు కోసం. ఆ సంగతి తెలిసినవాడు తెలియనట్టు రాయగలడు.

దొంగ పాటను పూర్తిగా పట్టుకోవడం కొనేవాడి వల్ల కాదు. అయినా పాటల చరిత్ర చూపించే సైట్లలో రెండు నిమిషాలు అక్కడ గడపాలి. ఒకే ఖాతా ఈ ఒక్క అమ్మకందారు వేలాల్లోనే పాడుతూ, ఎప్పుడూ గెలవకుండా, ప్రతిసారీ గెలిచినవాడి వెనకే రెండోవాడిగా మిగులుతుంటే అతను మనకు కావలసిన మనిషి కాదు. గెలిచినవారు కట్టలేదు, మీ గరిష్ఠ ధరకే మీకిస్తాం అని తర్వాత సందేశం వచ్చినా ఇదే అనుమానం వర్తిస్తుంది. ఆ గెలిచిన ఖాతా లేకపోతే ధర ఎక్కడ ఆగేదో చరిత్రలో చూసి, ఆ అంకే జవాబుగా పంపండి. ఒప్పుకోకపోతే పోనివ్వండి.

ఇవన్నీ తప్పించుకున్నాక కూడా ఓడిపోయే మార్గం ఒకటుంది, అది లెక్కల్లో ఉంది. తన్జిమ్ హొస్సేన్, జాన్ మోర్గాన్ అనే పరిశోధకులు ఒకే రకం సీడీలను రెండు విధాలుగా వేలం వేశారు. కొన్ని 4 డాలర్ల ప్రారంభ ధర, ఉచిత రవాణాతో. కొన్ని ఒక్క సెంటు ప్రారంభ ధర, 3.99 డాలర్ల రవాణా ఖర్చుతో. కొనేవాడి జేబుకు రెండూ సమానమే. కానీ సెంటుతో మొదలైన వాటికే మొత్తంగా ఎక్కువ డబ్బు వచ్చింది. కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ అని ఊరికే అనలేదు. రవాణా మాత్రమే కాదు. వేలం సంస్థలు పాట మీద శాతం లెక్కన కొనేవాడి దగ్గర వసూలు చేసే రుసుము, దాని మీద పన్ను, దేశం దాటి వస్తే సుంకం ఉంటాయి. ఇవన్నీ మన అంకెలోంచి ముందే తీసేయాలి, పాట పాడాక కాదు.

ఉల్రికె మాల్మెండియర్, యంగ్ హాన్ లీ 2011లో ప్రచురించిన అధ్యయనం చదివాక నాకు వేలాల మీద ఉన్న భ్రమ కొంత తీరింది. ఒక బోర్డు ఆట వేలాలను వాళ్లు గమనించారు. అదే ఆట అదే సైటులో, అదే సమయంలో, స్థిరమైన ధరకు కూడా దొరుకుతోంది. అయినా 42 శాతం వేలాలు ఆ స్థిర ధరను దాటి ముగిశాయి. పక్క వరసలో ఉన్న ధర కూడా చూడకుండా పాడేశారన్నమాట. జనమంతా ఇలాంటివాళ్లేనా అంటే కాదు, స్థిర ధరను దాటి పాడినవాళ్లు 17 శాతమే. వందమంది వివేకవంతుల్లో ఒక్క ఆవేశపరుడుంటే వేలం వెతికి మరీ అతన్ని పట్టుకుంటుంది, సరుకు అతని చేతిలోనే పెడుతుంది. కొత్తగా, డబ్బాలో, ఎక్కడైనా దొరికే వస్తువును వేలంలో కొనవలసిన అవసరం నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఈ పద్ధతికి తగినవి వాడినవి, ఒక్కటే ఉన్నవి, ధర ఇదీ అని ఎవరూ తేల్చి చెప్పలేనివి.

ఇంకో జాతి సైట్లున్నాయి, వాటికి వేలం అన్న పేరే అన్యాయం. పాట వేసిన ప్రతిసారీ రుసుము కట్టాలి, ఓడినా తిరిగి రాదు. జర్మనీలో 2005లో మొదలై 2011లో మూతపడిన స్వూపో వీటిలో పేరుమోసినది. మార్టిన్ షూబిక్ అనే ఆర్థికవేత్త 1971లోనే దీని ఎముకల గూడు చూపించాడు: ఒక డాలరు నోటును వేలానికి పెట్టి, గెలిచినవాడితో పాటు రెండోవాడు కూడా తన పాట సొమ్ము కట్టాలని నిబంధన పెడితే, ఆ డాలరు కోసం డాలరును మించి పాడతారు. అలాంటి సైటుకు దూరంగా ఉండటమే.

నా పద్ధతి చాలా పాతకాలపుది. అమ్మకందార్లు అడుగుతున్న ధరలు చూడను, అమ్ముడుపోయిన ధరలు చూస్తాను. గడచిన మూడు నెలల్లో అదే మోడల్ పలికిన ధరలు ఒక పది నోటు పుస్తకంలో రాసుకుంటాను. వాటిలో అన్నిటికంటే పెద్ద అంకెలు రెండు కొట్టేస్తాను, అవి ఎవరో వెర్రిగా పాడినవి. మిగిలిన వాటి మధ్య అంకె నుంచి రవాణా, రుసుము తీసేసి, లోపం ఉండవచ్చన్న అనుమానానికి ఇంకొంత తీసేసి, మిగిలినది రాస్తాను. 200 అని రాయను, 203 అంటాను. జనం గుండ్రటి అంకెల దగ్గర ఆగిపోతారు, పాటలు సమానమైతే ముందు వేసినవాడిదే పైచేయి. రాశాక ఫోను పక్కన పెట్టేస్తాను.

ఎక్కువసార్లు ఓడిపోతాను. ఓటమికి రుసుము లేదు. గత నెలలో అలా చేజారినది ఒక పాత లెన్సు, నా అంకెకు ఏడు ఎక్కువ పలికింది. అదే మోడల్ నిన్న మళ్లీ కనిపించింది, వేరే అమ్మకందారు. ప్రారంభ ధర కాస్త ఎక్కువే, నా అంకెకు పదిహేను తక్కువ. వెలుతురుకు ఎదురుగా తీసిన ఫొటో అడిగితే గంటలో పెట్టాడు, గాజు శుభ్రంగా ఉంది. పాటలు సున్నా. గడువు ఇంకా రెండు రోజులుంది.